ఆన్‌లైన్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చదివి క్రెడిట్లు పొందాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠం చెబుతాను. స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక), ఎన్‌పీటెల్ (ఐఐటీల వాళ్లు అందులో నడిపే కోర్సులు) కోర్సుల్లో చేరే పిల్లలకు దారి చూపించే పని కూడా నా మీదే ఉంది. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర పిల్లలు బారులు తీరతారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

మేడం, ఆన్‌లైన్‌లో చేసిన కోర్సుకి నిజంగా క్రెడిట్లు ఇస్తారా?

ఇస్తారు. స్వయం కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవడానికి యూజీసీ 2016లోనే నిబంధనలు తెచ్చింది. అప్పట్లో ఒక సెమిస్టర్‌లో ఉండే కోర్సుల్లో 20 శాతం వరకే అనుమతి. 2021లో వచ్చిన కొత్త నిబంధనలు దాన్ని 40 శాతానికి పెంచాయి. కాబట్టి చట్టం మీ వైపే ఉంది.

కానీ మీ మార్కుల మెమోలో ఆ క్రెడిట్లు ఎక్కించేది యూజీసీ కాదు, ఐఐటీ కాదు. మీ విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం. వాళ్లు మూడు విషయాలు చూస్తారు. మీ బ్యాచ్ రెగ్యులేషన్‌లో, అంటే మీ బ్యాచ్‌కు వర్తించే నిబంధనల పుస్తకంలో, ఆన్‌లైన్ కోర్సులకు చోటు ఉందా, ఈ కోర్సు పేరును అకడమిక్ కౌన్సిల్ లేదా సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఆమోదించిందా, సెమిస్టర్ మొదలయ్యే ముందు మీ కళాశాల మీ పేరుతో జాబితా పంపిందా. ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా మీ చేతిలో ఐఐటీ సర్టిఫికెట్ ఉంటుంది గానీ మెమోలో మాత్రం ఆ వరుస ఖాళీ.

ఇది నా కళ్లారా చూసిందే. నేను ఇంతకుముందు పనిచేసిన కళాశాలలో ఒకమ్మాయి పన్నెండు వారాలూ ఒక్క అసైన్‌మెంట్ వదలకుండా చేసి మంచి మార్కులతో పాసైంది. తీరా చూస్తే ఆ ఏడాది ఆమోదించిన జాబితాలో ఆ కోర్సు పేరే లేదు. డిపార్ట్‌మెంట్ వాళ్లు మరిచిపోయారు. ఆ అమ్మాయి చివరి సెమిస్టర్‌లో ఇంకో ఎలెక్టివ్ అదనంగా రాయాల్సి వచ్చింది. అప్పటి నుంచి నా దగ్గరికి ఎవరు వచ్చినా మొదట అడిగేది ఒక్కటే: ఆమోదించిన జాబితా కాపీ చూశావా? "ఉంటుందిలే అన్నారు మేడం" అంటే వెనక్కి పంపించేస్తాను. కాగితం చూసి రావాల్సిందే.

ఏ కోర్సులో చేరాలి?

మన దగ్గర ఎక్కువమంది చేసేది ఐఐటీ ఖరగ్‌పూర్ వారి 'కంప్యూటర్ నెట్‌వర్క్స్ అండ్ ఇంటర్నెట్ ప్రోటోకాల్'. ప్రొఫెసర్ సౌమ్యకాంతి ఘోష్, ప్రొఫెసర్ సందీప్ చక్రవర్తి చెబుతారు. పన్నెండు వారాల కోర్సు. లెక్క తేలికే: నాలుగు వారాల కోర్సుకు ఒక క్రెడిట్, ఎనిమిది వారాలకు రెండు, పన్నెండు వారాలకు మూడు. మీ సిలబస్‌లో మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు బదులుగా చేయాలంటే పన్నెండు వారాల కోర్సే కావాలి. ఎనిమిది వారాలది చేసి "దగ్గర్లోనే ఉంది కదా మేడం" అంటే కుదరదు.

నెట్‌వర్క్స్ అంటే ఏమిటో అసలు తెలియని వాళ్లకు ఐఐటీ బొంబాయి నుంచి ప్రొఫెసర్ శ్రీధర్ అయ్యర్ చెప్పిన 'డీమిస్టిఫైయింగ్ నెట్‌వర్కింగ్' అనే చిన్న కోర్సు ఉంది. దాన్ని క్రెడిట్ల కోసం కాకపోయినా సెలవుల్లో చూడమంటాను. ఆ తర్వాత పెద్ద కోర్సులో మొదటి రెండు వారాలు నల్లేరు మీద బండి నడకలా సాగుతాయి.

నేను సీఎస్‌ఈ. మా స్నేహితురాలు ఈసీఈ. ఇద్దరికీ ఒకే నియమమా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. సీఎస్‌ఈ వాళ్లకు కంప్యూటర్ నెట్‌వర్క్స్ కోర్ సబ్జెక్టు, తరగతి గదిలోనే చదువుతారు. కోర్ సబ్జెక్టును ఆన్‌లైన్ కోర్సుతో మార్చుకోవడానికి చాలా కళాశాలలు ఒప్పుకోవు. కోర్‌గా చదివేసిన దాన్నే మళ్లీ ఎలెక్టివ్‌గా చూపించడానికీ ఒప్పుకోవు, సిలబస్ రెండుచోట్లా ఒకటే కాబట్టి. సీఎస్‌ఈ పిల్లలు క్రెడిట్ కోసమే చేసేటట్టయితే నెట్‌వర్క్ సెక్యూరిటీ, వైర్‌లెస్ నెట్‌వర్క్స్, ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ లాంటి పై మెట్టు కోర్సులు చూసుకోవడం మంచిది.

ఈసీఈ, ట్రిపుల్‌ఈ, మెకానికల్ వాళ్లకైతే ఇది చక్కటి ఓపెన్ ఎలెక్టివ్. నిజానికి నా దగ్గర ఈ కోర్సు బాగా చేసినవాళ్లలో ఈసీఈ పిల్లలే ఎక్కువ. సిగ్నల్స్, ఎన్‌కోడింగ్ వాళ్లకు ముందే అలవాటు. మనం బిట్ అని ఊరుకునేదాన్ని వాళ్లు తీగ మీద వోల్టేజీగా ఊహించుకోగలరు.

కోర్సులో చేరడం ఉచితమే అన్నారు. మరి ఈ ఫీజు ఏమిటి?

చేరడం ఉచితం. వీడియోలు ఉచితం. అసైన్‌మెంట్లు ఉచితం. పరీక్షకు మాత్రం ఫీజు: కోర్సుకు 1000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 500. కడితేనే పరీక్ష, పరీక్ష రాస్తేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఉంటేనే క్రెడిట్.

కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు. రెండూ వేర్వేరు ఫారాలు, వేర్వేరు గడువులు. పరీక్ష ఫారం కోర్సు నడుస్తుండగానే తెరుచుకుని కొన్నాళ్లకు మూసుకుంటుంది. "చేరాను కదా, చాలు" అనుకుని ఫారం నింపనివాళ్లు ప్రతి సెమిస్టర్‌లోనూ ఒకరిద్దరు తేలతారు. అక్టోబరులో హాల్‌టికెట్ ఎక్కడ అని వస్తే నేను మాత్రం ఏం చేయగలను చెప్పండి. కాలెండర్‌లో ఆ రెండు తేదీలూ ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి.

పేరు విషయంలో జాగ్రత్త అంటారు, ఎందుకు?

మన తెలుగువాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాన్ కార్డులో ఇంటిపేరు చివర. ఒకే మనిషికి మూడు పేర్లు. మీరు ఫారంలో ఇచ్చిన పేరే సర్టిఫికెట్ మీద పడుతుంది, తర్వాత మారదు.

ఇప్పుడు క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమవుతున్నాయి. 2021లో మొదలైన ఈ ఏర్పాటు నిజంగానే బ్యాంకు ఖాతా లాంటిది: డిజిలాకర్ ద్వారా తెరుచుకుంటే పన్నెండంకెల సంఖ్య ఇస్తారు, దాన్నే ఇప్పుడు అపార్ అంటున్నారు. ఆ ఖాతా ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. స్వయంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే క్రెడిట్లు జమకాక నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. నా సలహా: ముందు ఆధార్‌లో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టు సరిచేయించుకోండి, తర్వాత అపార్ సంఖ్య తీసుకోండి, ఆ తర్వాతే స్వయంలో చేరండి. ఈ వరుస తప్పొద్దు.

మార్కులు ఎలా లెక్కేస్తారు?

అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సులో మీరు బాగా చేసిన ఎనిమిది అసైన్‌మెంట్ల సగటు తీసుకుంటారు. పాస్ కావాలంటే 25లో కనీసం 10, 75లో కనీసం 30 రావాలి. రెండూ విడివిడిగా రావాలి.

ఒక లెక్క చూడండి. ఒక అబ్బాయికి అసైన్‌మెంట్లలో 95 శాతం, అంటే 25కి 23.75. పరీక్షలో 100కి 38, అంటే 75కి 28.5. మొత్తం కలిపితే 52.25. పైకి చూస్తే హాయిగా పాస్. కానీ పరీక్షలో 30 దాటలేదు కాబట్టి సర్టిఫికెట్ లేదు. ఇంకొకమ్మాయికి అసైన్‌మెంట్లలో 88 శాతం, అంటే 22. పరీక్షలో 52, అంటే 39. మొత్తం 61. ఆమె పాస్ కావడమే కాదు, 60 దాటింది కాబట్టి 'ఎలీట్' కూడా. 75 దాటితే సిల్వర్, 90 దాటితే గోల్డ్.

ఈ మార్కుల్ని మీ గ్రేడుగా ఎలా మారుస్తారన్నది మీ విశ్వవిద్యాలయం ఇష్టం. కొన్నిచోట్ల మొత్తం మార్కును నేరుగా తీసుకుంటారు, కొన్నిచోట్ల ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ నిష్పత్తికి తగ్గట్టు మారుస్తారు. రెగ్యులేషన్ పుస్తకంలో ఆ పేజీ తెరిచి చదవండి.

అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్‌లో దొరుకుతున్నాయి. వాటిని పెట్టేస్తే ఏమవుతుంది?

పై లెక్కలో మొదటి అబ్బాయి సంగతి అదే. ఆ 95 శాతం తెచ్చిన జవాబులు అతనివి కావు.

మీ మీద కోపంతో అనడం లేదు. మిడ్ పరీక్షలు, ల్యాబ్ రికార్డులు, ప్రాజెక్టు రివ్యూలు అన్నీ ఒకే వారంలో పడితే ఎవరికైనా ఆ జవాబులు చూడాలనిపిస్తుంది. కానీ అసైన్‌మెంటే పరీక్షకు నమూనా. పది ప్రశ్నలతో ఒక వారం పాఠంలో మీకు ఎక్కడ అర్థం కాలేదో చెప్పే అద్దం అది. పైగా గడువు లోపల ఎన్నిసార్లయినా మార్చి సమర్పించవచ్చు, చివరిసారి ఇచ్చిందే లెక్క. కాబట్టి సోమవారం మీ అంతట మీరు చేసి ఇచ్చేయండి, తప్పనిపించిన రెండు ప్రశ్నలకు వీడియో మళ్లీ చూసి బుధవారం సరిదిద్దుకోండి. తీరిక లేని వారం ఒకటి వదిలేసినా ఫర్వాలేదు, పన్నెండులో ఎనిమిదే లెక్కలోకి వస్తాయి. దొంగ జవాబుతో నింపడం కన్నా వదిలేయడమే మేలు.

కాలేజీలో చెప్పేదానికీ ఈ వీడియోలకూ పొంతన లేదు మేడం. ఎందుకు?

మంచి ప్రశ్న. మన విశ్వవిద్యాలయాల సిలబస్ నెట్‌వర్క్‌ను లేయర్లుగా, అంటే పొరలుగా చూపిస్తూ ఎక్కువగా కింది నుంచి పైకి వెళుతుంది. ముందు తీగలు, ఫిజికల్ లేయర్. తర్వాత డేటా లింక్ లేయర్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, ఆఖరి యూనిట్‌లో అప్లికేషన్. ఖరగ్‌పూర్ కోర్సు పై నుంచి కిందికి దిగుతుంది. మీరు రోజూ వాడే వెబ్, ఈమెయిల్, సైటు పేరుకు అడ్రస్ వెతికిచ్చే డీఎన్ఎస్‌తో మొదలుపెట్టి, అవి కింద దేని మీద నిలబడ్డాయో ఒక్కో పొర విప్పుతూ పోతుంది.

ఇల్లు కట్టడం నేర్పేవాళ్లు పునాది నుంచి చెబుతారు. ఉన్న ఇంటిని అర్థం చేసుకోవాలంటే గుమ్మంలోంచి లోపలికి వెళతాం. రెండూ సరైన దారులే. నా మటుకు నాకు పై నుంచి వచ్చేదే ఇష్టం, ఎందుకంటే మొదటి వారంలోనే పిల్లలకు తెలిసిన సంగతితో మొదలవుతుంది. చిక్కల్లా మొదటి మిడ్‌కి వచ్చేసరికే. కాలేజీలో డేటా లింక్ లేయర్ అడుగుతారు, వీడియోల్లో మీరింకా ట్రాన్స్‌పోర్ట్ లేయర్‌లోని టీసీపీ దగ్గర ఉంటారు. దీనికి నేను చెప్పే ఉపాయం ఒకటే: ఒక పెద్ద కాగితం మీద ఐదు లేయర్లు నిలువుగా గీసి గోడకి అంటించండి. కాలేజీలో విన్నది నీలం సిరాతో, వీడియోలో విన్నది ఆకుపచ్చతో ఆయా గడుల్లో రాస్తూ పోండి. ఎనిమిదో వారానికి రెండు రంగులూ మధ్యలో నెట్‌వర్క్ లేయర్ దగ్గర కలుసుకుంటాయి. ఆ రోజు పిల్లల ముఖాల్లో కనిపించే వెలుగు కోసమే నేను ఈ ఉద్యోగం చేస్తున్నాననిపిస్తుంది.

వారానికి ఎంత సమయం పడుతుంది?

వారానికి ఐదు వీడియోలు, ఒక్కోటి అరగంట చొప్పున. చూడటానికి రెండున్నర గంటలు. ఆపి, రాసుకుని, లెక్క చేసుకుంటూ చూస్తే ఐదారు గంటలు. రెండింతల వేగంతో పెట్టి చూసేవాళ్లకు చెబుతున్నాను: ప్రోటోకాల్ చరిత్ర అలా చూడండి, నష్టం లేదు. టీసీపీ కంజెషన్ కంట్రోల్ (రద్దీని అదుపు చేయడం), రూటింగ్ (దారి ఎంచుకోవడం) మాత్రం కాగితం, పెన్సిల్ పట్టుకుని చూడండి.

సబ్‌నెట్టింగ్ (పెద్ద నెట్‌వర్క్‌ను చిన్న ముక్కలు చేయడం) అంటేనే భయం. ఎలా నేర్చుకోవాలి?

పిన్‌కోడ్‌తో మొదలుపెడదాం. కాకినాడ పిన్‌కోడ్ 533001. ఢిల్లీలో ఉత్తరాలు వేరు చేసే మనిషికి కాకినాడ ఎక్కడుందో తెలియనక్కర్లేదు. మొదటి అంకె 5 చూసి దక్షిణం వైపు సంచిలో వేస్తే చాలు. ఆ తర్వాత ఇంకొకరు 533 చూసి ఉమ్మడి తూర్పు గోదావరి వైపు పంపిస్తారు. చివరి మూడంకెలు చూడాల్సింది అక్కడి వాళ్లే. చిరునామాలో ముందు భాగం చూసి దారి, చివరి భాగం చూసి ఇల్లు. నెట్‌వర్క్‌లో యంత్రానికి ఉండే చిరునామా, ఐపీ అడ్రస్, కూడా అంతే. ముందు భాగం నెట్‌వర్క్, చివరి భాగం అందులోని యంత్రం. పిన్‌కోడ్‌లో ఆ గీత ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది, ఐపీలో మనం ఎక్కడైనా గీయవచ్చు. స్లాష్ తర్వాత అంకె ఆ గీత ఎక్కడుందో చెబుతుంది. అంతకు మించి ఇందులో రహస్యం ఏమీ లేదు.

ఇప్పుడు ఒక లెక్క. 192.168.10.77/26 ఏ సబ్‌నెట్‌లో ఉంది? ఐపీ అడ్రస్‌లో మొత్తం 32 బిట్లు. 26 నెట్‌వర్క్‌కి పోతే యంత్రానికి 6 మిగిలాయి. రెండు ఆరుసార్లు గుణిస్తే 64. అంటే చివరి అంకెలో బ్లాకులు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. 77 అన్నది 64కీ 128కీ మధ్యలో ఉంది. కాబట్టి నెట్‌వర్క్ అడ్రస్ 192.168.10.64, బ్రాడ్‌కాస్ట్ (ఆ సబ్‌నెట్‌లో అందరికీ ఒకేసారి పంపే అడ్రస్) 192.168.10.127, యంత్రాలకు ఇవ్వగలిగినవి 65 నుంచి 126 వరకు, మొత్తం 62.

రెండోది కొంచెం గట్టిది: 172.16.37.5/20. ఇక్కడ గీత మూడో అంకె మధ్యలో పడింది. మూడో అంకెలో నాలుగు బిట్లు నెట్‌వర్క్‌వి, నాలుగు యంత్రానివి. బ్లాకు పరిమాణం 16. కాబట్టి 0, 16, 32, 48. 37 పడేది 32లో. నెట్‌వర్క్ 172.16.32.0, బ్రాడ్‌కాస్ట్ 172.16.47.255. యంత్రాలకు మిగిలిన బిట్లు 12, అంటే 4096లోంచి ఆ రెండూ తీసేస్తే 4094.

ఇలాంటివి రోజుకు ఐదు చొప్పున రెండు వారాలు చేయండి. చిన్నప్పుడు ఎక్కాలు ఎలా నోటికి వచ్చాయో అలాగే వస్తాయి. 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని కాగితం పైన రాసి పెట్టుకుంటే సగం భయం అక్కడే పోతుంది. క్యాలిక్యులేటర్ వెబ్‌సైట్లలో అడ్రస్ కొట్టి జవాబు చూసుకోవడం మీరు చేసిన తర్వాతే. ముందు కాదు.

సబ్‌నెట్టింగ్ కాకుండా లెక్కలు ఇంకెక్కడ వస్తాయి?

ఫ్లో కంట్రోల్‌లో, అంటే పంపే వేగాన్ని అందుకునేవాళ్లకు తగ్గట్టు సర్దడంలో వస్తాయి. ఒక ఉదాహరణ: సెకనుకు పది లక్షల బిట్లు పంపే లింకు మీద 8000 బిట్ల ఫ్రేము (ఒక విడతలో పంపే డేటా ముక్క) పంపితే, పంపడానికే 8 మిల్లీసెకన్లు. అటు చేరడానికి 20, జవాబు తిరిగి రావడానికి 20 అనుకోండి. ఒక ఫ్రేము పంపి జవాబు కోసం ఎదురుచూసే పద్ధతిలో మొత్తం 48 మిల్లీసెకన్లలో పని జరిగింది 8 మాత్రమే. ఆరో వంతు. అదే ఎదురుచూడకుండా వరసగా ఆరు ఫ్రేములు పంపే వీలుంటే లింకు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. స్లైడింగ్ విండో అనే ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో ఈ ఒక్క లెక్కలో తెలుస్తుంది. సూత్రం బట్టీ పట్టినవాళ్లు అంకెలు మారితే తడబడతారు, ఈ బొమ్మ మనసులో ఉన్నవాళ్లు తడబడరు.

రూటర్లు, స్విచ్‌లు లేకుండా ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేయాలి?

సిస్కో కంపెనీ వాళ్ల ప్యాకెట్ ట్రేసర్, తెర మీదే నెట్‌వర్క్ కట్టి నడిపి చూసే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరుకుతుంది, ఖాతా తెరిస్తే చాలు. రెండు కంప్యూటర్లు, ఒక స్విచ్‌తో మొదలుపెట్టండి. పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందేమో చూసే చిన్న సందేశం) వెళ్లిందా? తర్వాత రూటర్ తెచ్చి అటూ ఇటూ వేర్వేరు సబ్‌నెట్లు పెట్టండి. ఈసారి పింగ్ వెళ్లదు. గేట్‌వే, అంటే బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే రూటర్ అడ్రస్, పెట్టలేదు కాబట్టి. ఆ వెళ్లకపోవడంలోనే మీరు నేర్చుకునేది ఉంది. అన్నీ మొదటిసారే పనిచేసిన పిల్లవాడి కన్నా, గేట్‌వే మరిచిపోయి అరగంట వెతికినవాడికి ఆ పాఠం జన్మంతా గుర్తుంటుంది.

రెండోది వైర్‌షార్క్, నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లను (డేటా ముక్కలను) పట్టి చూపించే సాఫ్ట్‌వేర్. మీ సొంత ల్యాప్‌టాప్‌లో దాన్ని నడిపి, బ్రౌజర్‌లో ఏదైనా సైటు తెరవండి. ముందు డీఎన్ఎస్ అడగడం, తర్వాత టీసీపీలో సిన్, సిన్-అక్, అక్ అనే మూడు ప్యాకెట్లు వరసగా పోవడం కనిపిస్తుంది. వీడియోలో బాణాలుగా గీసింది మీ కళ్ల ముందు, మీ ఇంటి వైఫైలో జరుగుతూ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: మీ యంత్రంలో, మీ ఇంటి నెట్‌వర్క్‌లోనే. హాస్టల్ వైఫైలోనో కాలేజీ నెట్‌వర్క్‌లోనో ఇతరుల ప్యాకెట్లు పట్టడం నేరం అవుతుంది.

మరొక విషయం. ఆన్‌లైన్ కోర్సు థియరీ క్రెడిట్లకే. మీ సెమిస్టర్‌లో నెట్‌వర్క్స్ ల్యాబ్ విడిగా ఉంటే అది కాలేజీలోనే చేయాలి.

నేను తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లిషు లెక్చర్లు అర్థమవుతాయా?

అవుతాయి. మొదటి రెండు వారాలు కష్టం, ఆ తర్వాత చెవి అలవాటు పడుతుంది. ఎన్‌పీటెల్ చాలా కోర్సుల పాఠాలను తెలుగు సహా భారతీయ భాషల్లోకి అనువదిస్తోంది, మీ కోర్సుకు ఉందేమో చూసుకోండి. లేకపోతే ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని ముప్పావు వేగంతో చూడండి, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

నేను పిల్లలకు చెప్పే పద్ధతి: ఒక వీడియో అయ్యాక మూత పెట్టి, విన్నది తెలుగులో ఎవరికైనా చెప్పండి. అమ్మకైనా సరే. "హోస్ట్ అంటే నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రం, రూటర్ అంటే దారి చూపేది" అని మొదలుపెట్టండి. ఎక్కడ మాట తడబడుతుందో అక్కడే మీకు అర్థం కాలేదన్నమాట. పదాలు ఇంగ్లిషులోనే ఉండనివ్వండి, పరీక్షలో అవే వస్తాయి. ఆలోచన మాత్రం మీ భాషలో నడవాలి.

సీసీఎన్ఏ చేస్తే ఈ క్రెడిట్లు వస్తాయా?

రావు. సీసీఎన్ఏ సిస్కో కంపెనీ ఇచ్చే, ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్, దాని పరీక్ష 200-301. యూజీసీ నిబంధనలు చెప్పేది స్వయం కోర్సుల గురించి. అయితే పన్నెండు వారాలు నిజాయితీగా చదివినవాళ్లకు సీసీఎన్ఏలో సగం దారి అయిపోయినట్టే. మిగతా సగం సిస్కో కమాండ్లు, వీల్యాన్లు, యాక్సెస్ లిస్టులు.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాను. అక్కడ నెట్‌వర్కింగ్ సబ్జెక్టు ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చా?

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు ఒక టర్మ్‌లో పూర్తికాల చదువు లెక్కలోకి ఒకే ఒక ఆన్‌లైన్ తరగతి, అంటే మూడు క్రెడిట్ల వరకే చూపించగలరు. పూర్తికాల చదువు లెక్కకు అంతకు మించిన ఆన్‌లైన్ తరగతుల మీద ఆధారపడితే వీసా హోదాకే ముప్పు. రిజిస్టర్ కావడానికి ముందు మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగండి, తర్వాత కాదు.

ఇక్కడ బీటెక్‌లో చేసిన ఆన్‌లైన్ కోర్సు అక్కడ దరఖాస్తులో కనిపించాలంటే అది మీ మెమోలో ఎక్కి ఉండాలి. విడి సర్టిఫికెట్ కన్నా ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్న వరుసకే విలువ.

పరీక్ష తప్పితే?

ఆన్‌లైన్ కోర్సు తప్పినట్టు మామూలుగా మెమోలో రాదు. కానీ ఆ సెమిస్టర్‌లో మీకు రావలసిన మూడు క్రెడిట్లు రావు, వాటిని ఎలాగో పూడ్చుకోవాలి. కోర్సు మళ్లీ నడిచే సెమిస్టర్‌లో మళ్లీ చేరవచ్చు. అందుకే చివరి సెమిస్టర్‌లో ఈ కోర్సు పెట్టుకోవద్దని చెబుతాను. పాసైనా కూడా చిక్కే: జనవరిలో మొదలైన పన్నెండు వారాల కోర్సుల పరీక్షలు ఏప్రిల్ నెలాఖరు ప్రాంతంలో జరిగి, ఫలితాలు ఇంకొన్ని వారాలకు వస్తాయి. ఈలోగా మీ కాలేజీ ఫలితాలు ప్రకటించేస్తే ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆగిపోతుంది, ఉద్యోగంలో చేరే తేదీ ముంచుకొస్తుంది. మూడో సంవత్సరంలో చేసేయండి.

పరీక్ష ఎలా ఉంటుంది?

ఇంట్లో కూర్చుని రాసేది కాదు. కేటాయించిన కేంద్రానికి వెళ్లి కంప్యూటర్ మీద రాయాలి. మూడు గంటలు. రోజుకు రెండు విడతలు, ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి; మీ కోర్సు పరీక్ష వాటిలో ఒకదానిలో ఉంటుంది. ఫారం నింపేటప్పుడు అడిగిన నగరాలు జాగ్రత్తగా ఎంచుకోండి. మీ ఊరికి దూరమైన కేంద్రం పడితే ముందురోజే వెళ్లి బంధువుల ఇంట్లోనో స్నేహితుల గదిలోనో ఉండండి. శనివారం తెల్లవారుజామున బస్సెక్కి పరుగున వచ్చి గేటు మూసేశాక నిలబడ్డ పిల్లల్ని చూశాను, చూడలేకపోయాను.

హాల్‌టికెట్ ప్రింటు, ఒరిజినల్ గుర్తింపు కార్డు తప్పనిసరి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే లోపలికి పంపరు. ప్రశ్నాపత్రం మొత్తం ఒకసారి చూసి, సబ్‌నెట్టింగ్ లెక్కలు ముందు చేసేయండి. బుర్ర తాజాగా ఉన్నప్పుడు బిట్లు తప్పు పోవు. రఫ్ కాగితం ఇవ్వగానే పైన 128, 64, 32, 16, 8, 4, 2, 1 రాసుకుని మొదలుపెట్టండి.